డాబా మీది ఎండ

సుజాతా,

నీవు ఈ లోకం విడిచి వెళ్ళి నేటికి ఏడాది. మన మిన్నుకు దుమ్ము పడదని, ఆయాసం వస్తుందని నేను కిటికీలు మూసినప్పుడల్లా, "పిల్లను కాస్త ఎండలో తిరగనివ్వండీ" అని పోరేదానివి. మందులు మానకుండా అలాగే చేయమని డాక్టరుగారూ చెప్పారు. ఈ ఉదయం ఇన్‌హేలరు, వేడినీళ్ళ ఫ్లాస్కు, మాస్కు తీసుకుని, మిన్నును పటమటలోని మన ఇంటి డాబా మీదికి తీసుకువెళ్ళాను.

అది పరుగెత్తుతుండగా పక్క డాబా మీద కమలమ్మగారు బొంత దులిపారు. దుమ్మంతా మా వైపే వచ్చింది. మిన్ను ఆగి, ఒకసారి దగ్గింది. ఇన్‌హేలరు గుప్పిటలో పట్టుకుని చూస్తూ నిలబడిపోయాను.

"నాకేం కాలేదు నాన్నా. ముందు నువ్వు ఊపిరి తీసుకో!" అని మళ్ళీ పరుగందుకుంది.

ఎండ ఎక్కుతోంది. నీ కూతురు మాత్రం కిందికి రానంటోంది.