మేనేజరు ముందుకాలు

కోడలుపిల్లకు,

నువ్వు ఎలా ఉన్నావో రాయలేదు కానీ కుక్క ఎలా ఉందని మాత్రం మూడుసార్లు అడిగావు. బతికే ఉంది. వ్యాను గుద్దిన రోజు నుంచి కుడి ముందుకాలు పూర్తిగా పడిపోయింది. ఎముక విరగలేదట, భుజం దగ్గర నరాలు తెగాయని పశువుల డాక్టరమ్మ చెప్పింది. పాదం వెనక్కి మడిచి నేలమీద ఈడ్చుకుంటూ వస్తుంది. ఏడాదైనా నిండని పిల్ల కదా, ఆరు వారాలు చూద్దామంది. రోజుకు నాలుగుసార్లు వేళ్ళు, మణికట్టు, మోచేయి ఒక్కొక్కటే వంచి చాపాలి. పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకుని నడిపించాలి. అన్నీ చేస్తున్నాను. గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరినీ తనిఖీ చేస్తుందని నీ మొగుడు దానికి మేనేజరని పేరు పెట్టాడు కదా, ఇప్పుడూ గుమ్మంలోనే ఉంటుంది. కాకపోతే పడుకుని తనిఖీ.

పాదం గీసుకుపోతోందని మా చెప్పుల కార్ఖానాలో మిగిలిన తోలుముక్కతో బూటు కుట్టాను. మేస్త్రి చూసి, "ఏం అత్తా, ఒంటి బూటు? మిగతా మూడూ ఎప్పుడిస్తావు?" అన్నాడు. "నీ మొహం కొలత తీసుకున్నాక" అన్నాను. మిషన్ల మీద ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. నా కొడుకు పోయిన ఈ ఏడు నెలల్లో నా నోట అలాంటి మాట రావడం అదే మొదలు.

ఎముకల డాక్టరు ఆలస్యం చేయబట్టే వాడు పోయాడని నువ్వు రాసిన అర్జీ అందింది. కింద నన్ను సంతకం పెట్టమన్నావు. పెడతానులే, తొందరపెట్టకు. ముందు ఈ కాలు నిలబెట్టి నీకు చూపిస్తాను.

నీ అత్త

—

నా తల్లీ,

ఫోను ఎత్తడం లేదని కోపం తెచ్చుకోకు. నీ గొంతు వింటే అంతా బాగుందని చెప్పేస్తాను. బాగాలేదు.

ఐదో వారంలో కాలు కదిలింది. నా కళ్ళతో చూశాను. రొట్టెముక్క చూపిస్తే బూటు పైకి లేచింది. పనికి సెలవు పెట్టి, చంకనేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. అక్కడ కట్లు కట్టే ఆవిడ నెమ్మదిగా నా చెయ్యి పట్టుకుని, "భుజం ఎగరేస్తోంది పిన్నీ, కాలు దానికి వేలాడుతోందంతే" అంది. బూటు విప్పింది. వాసన వచ్చింది. జారిపోకూడదని నేను బిగించి వేసిన కుట్టు రెండు వేళ్ళను కోసేసింది. అవి నల్లబడిపోయాయి. ఆ కాలికి నొప్పి తెలియదు కదా, అందుకే అది ఒక్కసారి కూడా మూలగలేదు. నేను రోజూ కడిగి, మళ్ళీ అదే బూటు తొడిగాను. ఎర్రగా ఉంటే రక్తం ఆడుతోందని సంతోషపడ్డాను, నల్లబడితే తోలు రంగు అంటిందనుకున్నాను.

"కాలు భుజం దగ్గరికి తీసేయాలి. సోమవారం దాటితే విషం ఒళ్ళంతా పాకుతుంది" అని డాక్టరమ్మ నా ముందు కాగితం పెట్టింది. ఆ మాట ఇంతకు ముందొకసారి విన్నాను. ఎక్కడ విన్నానో ఇవాళ రాయలేను. కుక్కను ఎత్తుకుని ఇంటికొచ్చేశాను. ఇవాళ శనివారం. దానికి ఒళ్ళు కాలిపోతోంది. గుమ్మం వైపు చూడటం లేదు, గోడవైపు తిరిగి పడుకుంది. వాడు కూడా అలాగే గోడవైపు తిరిగాడు.

నీ అత్త

—

నా కొడుకు ప్రాణంలా చూసుకున్న పిల్లకు,

ఆదివారం పొద్దున్నే వెళ్ళి కాగితం మీద సంతకం పెట్టాను. నా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, అయినా చెల్లుతుందన్నారు. కాలు తీసేశారు. నాలుగో రోజు మేనేజరు లేచింది. రెండుసార్లు కుడిపక్కకి పడింది. మూడోసారి ఉన్న ఒక్క ముందుకాలినీ రొమ్ము కిందకి జరుపుకుని నిలబడింది. దానికి ఎవరు నేర్పారో తెలియదు. గెంతుకుంటూ గుమ్మందాకా పోయి పాలబ్బాయి మీద అరిచింది. మూడు వారాలకు సైకిలు వెంటపడి వీధి చివరిదాకా పరుగెత్తింది. మేస్త్రి అటుగా వస్తూ, "కాలు తగ్గింది, జీతం తగ్గించాలి అత్తా" అన్నాడు. అందరూ నవ్వుతున్నారు. నేను లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను.

గోదాములో ఇనప కడ్డీలు వాడి కాలిమీద పడ్డ మూడో రోజు పొద్దున, నువ్వు ఇంకా రైల్లో ఉన్నావు. ఎముకల డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "కాలు తీసేద్దాం అమ్మా, ఇవాళే. లేకపోతే మనిషి దక్కడు" అన్నాడు. కాగితం ఇచ్చాడు. నేను పెట్టనన్నాను. పెళ్ళయి రెండేళ్ళు కాని పిల్లాణ్ణి కుంటివాణ్ణి చేస్తారా అని ఆయన్ని తిట్టాను. మధ్యాహ్నం ఆయన మళ్ళీ వచ్చి బతిమాలాడు. మళ్ళీ తిట్టాను. వాడికి తెలివి వస్తూ పోతూ ఉంది. ఒకసారి కళ్ళు తెరిచి, "తీసేయనీ అమ్మా" అన్నాడు. జ్వరంలో ఏదో అంటున్నాడులే అని నోరు మూయించాను. వాడు గోడవైపు తిరిగాడు. సాయంత్రం నువ్వొచ్చి ఎలా పోయాడని అడిగితే, డాక్టర్లు చూడలేదని చెప్పాను. ఆ తర్వాత ఆ మాటే నిలబెట్టుకుంటూ వచ్చాను.

మూడు కాళ్ళ కుక్క పరుగెత్తుతుంటే నాకేం కనిపించిందో నీకు విడిగా చెప్పక్కర్లేదు.

నీ అర్జీ ఇందులోనే పెట్టాను. సంతకం పెట్టలేదు. ఆ డాక్టరు ఆలస్యం చేయలేదు, నేను చేశాను. ఎవరైనా అడిగితే ఈ ఉత్తరం చూపించు. చదవలేకపోతే నన్ను పిలిపించమను, వచ్చి నోటితో చెబుతాను.

నన్ను క్షమించమని అడగను. నువ్వు రాకపోయినా తప్పు పట్టను. కానీ కుక్క నీది, దాన్ని తీసుకెళ్ళడానికైనా రావాలి. వచ్చినప్పుడు ఎడమవైపు నుంచి పిలువు. కుడివైపు గబుక్కున తిరిగితే ఇంకా పడుతోంది. గుమ్మం తలుపు తీసే ఉంచుతాను. నా మొహం చూడాలని లేకపోతే నేను లోపలి గదిలో ఉంటాను.

వాడి అమ్మ