తొమ్మిది పలకల మల్గి

3 జనవరి 1949, సోమవారం

ఆడపిల్ల కిటికీ దగ్గర నిలబడితే ఎవరినో చూస్తున్నట్టే లెక్క. వదిన అమ్మతో అన్నదట. అమ్మ నాయనమ్మతో. సాయంత్రానికి నాకూ తెలిసింది: నేను సారంగపాణి మీద మనసు పడ్డానట!

రోడ్డుకు అవతల మా మల్గిలో, ఆ ఒంటి గది దుకాణంలో, అద్దెకుండి గడియారాలు బాగుచేస్తాడతను. కంటికి భూతద్దం బిగించి వంచిన తల ఎత్తడు. బజార్లో ఎదురుపడితే ముఖం గుర్తుపట్టలేను. నడినెత్తి మాత్రం పోల్చగలను.

నేను చూసేది మల్గిని. హైదరాబాద్‌లో బీఏ చదివి వచ్చి ఎనిమిది నెలలు. చూడడానికి ఇంకేముంది?

5 జనవరి, మధ్యాహ్నం

నేనెరిగిన మల్గి ఇది. ముందు మా బాపు ఇత్తడి దుకాణం. ఎండ పడితే బిందెల మెరుపు మా గోడ మీద ఆడేది. తర్వాత హమీద్ సాబ్ దర్జీ దుకాణం. యుద్ధం రోజుల్లో కంట్రోలు బట్టల డిపో, దాని ముందు పొద్దు పొడవకముందే లైను. ఇప్పుడు సారంగపాణి.

ఎవరొచ్చినా తలుపు అదే. తొమ్మిది చెక్క పలకలు. పొద్దున గాడిలోంచి ఒక్కొక్కటే తీయాలి, సాయంత్రం వరుసగా దూర్చాలి. వరుస తప్పకుండా ఎవరి అంకెలు వాళ్ళు వేసుకున్నారు. బాపు తెలుగులో, హమీద్ సాబ్ ఉర్దూలో. చెదలు తిన్న పలక ఒకటి మార్చినప్పుడు దాని మీద డిపో క్లర్కు ఇంగ్లీషులో వేశాడు. దుమ్ము పడుతుందని సారంగపాణి మూడే తీస్తాడు. తక్కిన ఆరూ రెండేళ్ళుగా కదలలేదు.

9 జనవరి, ఆదివారం

పాలు పోసే మొగిలమ్మ ఉత్తరం చదివించుకున్నది. కొడుకు డోర్నకల్ లోకోషెడ్డులో పని. జవాబూ రాసిచ్చాను. కచ్చేరికి అర్జీ ఎవరితో రాయించాలో తెలియక వాళ్ళ ఊరి ఆడవాళ్ళు గేటు కాడినుంచే మర్లిపోతున్నారట. "మూడు భాషలు సదివి ఇంట్ల కూసుంటె ఎవలికి ఫాయిద బిడ్డా?" అన్నది.

కోపం వచ్చింది. మధ్యాహ్నానికి పోయింది. మాట మాత్రం పోలేదు.

18 జనవరి

బాపు సారంగపాణిని ఖాళీ చేయమన్నాడు. కారణం చెప్పలేదు. అతనూ అడగలేదు. గోడ గడియారాలు గోనెసంచిలో చుట్టుకుని కాజీపేట పోయాడు. సంచిలో ఒకటి గంటలు కొడుతూనే ఉంది.

కిటికీ దగ్గర నిలబడ్డది నేను. మల్గి పోయింది అతనికి.

19 జనవరి

అతన్ని చూడలేదని చెప్పాను. మరేం చూస్తున్నవని నాయనమ్మ అడిగింది. పలకలను అన్నాను. "పలకలకు మీసాలుంటయా పిల్లా?" అన్నది. వదిన నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది.

2 ఫిబ్రవరి, బుధవారం, సాయంత్రం ఆరు

సోడా దుకాణం పెడతానని ఒక షావుకారు మల్గి చూడ వచ్చాడు. మా అన్న తొమ్మిది పలకలూ ఊడబీకి గోడకు ఆనించాడు. షావుకారు చూసి, మళ్ళీ చెప్తానని పోయాడు.

ఇక మూయబోతే తలుపు కుదరదు! తెలుగు అంకెలు సగం చెరిగిపోయాయి. అన్న ఉర్దూ అంకెలు పట్టుకుని ఎడమ నుంచి దూర్చుకుంటూ వచ్చాడు. మూడు పట్టాయి, నాలుగోది పట్టదు. బాపు భుజంతో నెట్టాడు. బజారంతా చేరింది. పాన్‌డబ్బా పోశయ్య, "సేటూ, గోడ కట్టిపియ్యరాదు, ఫికర్ పోతది" అన్నాడు.

కిటికీ రెక్కలు పూర్తిగా తెరిచి అరిచాను. హమీద్ సాబ్ కుడి నుంచి లెక్కపెట్టేవాడు. ఉర్దూ ఒకటి కుడి కొసకు. దాని పక్కన రెండు, మూడు. నాలుగో చోట, డిపో క్లర్కు ఎడమ నుంచి లెక్కపెట్టి వేసిన ఇంగ్లీషు ఆరు. మళ్ళీ ఉర్దూ ఐదు.

చివరి పలక గాడిలో పడ్డ చప్పుడు ఇంటిదాకా వినిపించింది. బాపు తల ఎత్తి కిటికీ వైపు చాలాసేపు చూశాడు. నా వెనక నాయనమ్మ, "ఇది నిజంగనే పలకలనే సూసింది" అన్నది. ఎందుకో దిగులుగా.

4 ఫిబ్రవరి

సోడా షావుకారుకు వద్దని కబురు పోయింది. బాపు స్వయంగా కాజీపేట పోయి సారంగపాణిని రమ్మని చెప్పి వచ్చాడు.

కదలని ఆ ఆరు పలకల జాగా నాకిమ్మన్నాను. ఉత్తరాలు, అర్జీలు రాస్తానని. పెండ్లి కావలసిన పిల్ల బజార్ల కూసుంటదా అని అమ్మ. సోచాయించి చెప్త అని బాపు.

6 ఫిబ్రవరి, ఆదివారం

బాపు ఇంకా సోచాయిస్తున్నాడు, ఆలోచన తెగలేదు.

పలకల మీద ఎర్ర రంగుతో నా అంకెలు వేశాను. మూడు సారంగపాణివి. రేపు పొద్దున తక్కిన ఆరూ నేను తీస్తున్నాను.