తెగులు అనే మాట తీసేస్తే

కృష్ణగిరి
12 జూన్ 2005

ప్రియమైన బావకు,

నీ ప్రియ రాసుకొనే జాబు. అలివేలక్క ఇంటికి క్షేమంగా చేరినాను. ఎందుకు పంపించినారని అక్క అడగలేదు. నా మొహం చూస్తేనే తెలిసిపోయినట్టుంది.

అక్క వీధిలో ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. ఆ లైబ్రరీలో పుస్తకాలు తుడిచి సర్దే పనికి చేరినాను. ఈడ కొత్తగా కంప్యూటర్లు పెట్టినారు. ఎక్కడెక్కడి లైబ్రరీల పుస్తకాలూ అందులోనే వెతకొచ్చంట. "ప్లస్ టూ చదివినావు కదమ్మా, నువ్వు నేర్చుకుంటే పిల్లోళ్ళకు చూపించొచ్చు" అన్నారు లైబ్రేరియన్ ప్రేమ మేడం.

నా మనసంతా మన పట్టుపురుగుల మీదే ఉంది. రెండు పంటలూ గూడు కట్టే ముందే పోయినాయి. నేను దూరం ఉండాల్సిన రోజుల్లో షెడ్డులోకి పోయినానని, అందుకే చచ్చినాయని అత్త అన్నది. మూడో పంట నేను లేకుండా పెంచి చూస్తామన్నది. ఆలోచించు బావా. పురుగులు బతికితే తప్పు నాదేనని తేలిపోతుంది, ఇక ఇంటికి రాలేను. చస్తే ఇల్లే మునిగిపోతుంది. నేను దేవుణ్ణి ఏమని మొక్కుకోవాలి?

నిన్న మేడం లేనప్పుడు కంప్యూటర్లో ఇంగ్లీషులో అడిగినాను. "అయ్యా, కెలమంగలం దగ్గర మా పల్లెలో పట్టుపురుగులు ఎందుకు చచ్చిపోతున్నాయో దయచేసి తెలుపగలరు" అని రాసి, కింద నా పేరు కూడా పెట్టినాను. సున్నా అని వచ్చింది.

ఇట్లు,
నీ ప్రియ

కెలమంగలం
24 జూన్ 2005

ప్రియమైన ప్రియకు,

జాబు అందింది. కంప్యూటరుకు అర్జీ పెట్టినావా తల్లీ! చదివి నవ్వుకున్నాను. ఈ ఇంట్లో నవ్వి చానా రోజులయింది.

మూడో పంటకు గుడ్లు తెచ్చినాము. అమ్మ షెడ్డంతా సున్నం కొట్టించి గోమూత్రం చల్లింది. గడపలో బ్లీచింగు నీళ్ళ తొట్టి పెట్టినాము, కాళ్ళు ముంచందే ఎవ్వరూ లోపలికి పోయేది లేదు. నేను ప్లాస్టిక్ కప్పు కింద గులాబీలు పెంచే పాలీహౌస్‌లో మందు కొట్టే పని ముగించుకొని సాయంకాలం వస్తాను. వస్తూనే మల్బరీ ఆకు కోసి, నువ్వు సంతలో కొనిచ్చిన పచ్చంచు తుండులో మూట కట్టి తెస్తాను. పగలంతా మూతికి కట్టుకొనేదీ ఆ తుండే. అది మెడలో ఉంటే నువ్వు పక్కన ఉన్నట్టుంటుంది. స్నానం చేసినాకే పురుగులకు మేత వేస్తాను.

ఆ వెతకడాలు ఎందుకు ప్రియా? పెట్టెకు మన కష్టం ఏం తెలుస్తుంది? ఊరకుండు.

నీ
యతీశ్

కృష్ణగిరి
6 జూలై 2005

ప్రియమైన బావకు,

ఊరకుండమన్నావు, ఎట్లా ఉండేది?

నా అర్జీ సంగతి మేడంకు చెప్పేసినాను. ఆమె నవ్వలేదు. పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నారు. "మనిషిని అడిగినట్టు అడగొద్దమ్మా. ముఖ్యమైన మాటలు మాత్రం వేయి. రెండు మాటల మధ్య అండ్ పెడితే రెండూ ఉండేవే వస్తాయి. నాట్ పెడితే ఆ మాట ఉండేవి పోతాయి" అన్నారు. పట్టుపురుగు అండ్ తెగులు అని వేసినాను. ఒకేసారి నాలుగు వేల పైచిలుకు వచ్చినాయి. కొన్నింటికి నాలుగు వరుసల సారాంశం మాత్రమే కనబడుతుంది, పుస్తకం తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. గుమ్మం దాకా వచ్చి తలుపు మూసుకున్నట్టుంటుంది.

తెరుచుకున్నవన్నీ చదివినాను. ఒళ్ళు ఉబ్బి పాలు కారే తెగులు, నల్లగా మెత్తబడే తెగులు, సున్నంలా గట్టిపడే తెగులు. ఏదీ మనది కాదు.

నీకు చెప్పని మాట ఒకటి ఉంది బావా. అత్త అన్నది అబద్ధం కాదు. ఆ రోజుల్లో మూడోరోజు నేను షెడ్డులోకి పోయినాను. ఇంట్లో ఎవరూ లేరు, పురుగులు తలలెత్తి ఆకుకోసం చూస్తున్నాయి. పస్తు పెట్టలేక మేత వేసినాను. ఇంత చదివి కూడా నా చేతులే చంపినాయేమోనని భయం. అన్నం కలుపుతుంటే కూడా నా చేతుల్నే చూసుకుంటున్నాను.

నీ ప్రియ

కెలమంగలం
21 జూలై 2005

ప్రియమైన ప్రియకు,

అంతా అయిపోయింది. నాలుగో జ్వరం దిగి, పాత చర్మం విడిచి, మేత మీద పడి తినే వయసులో పోయినాయి. పొద్దున బాగుండినాయి. సాయంకాలం మేత వేసిన కాసేపటికి తలలు పైకెత్తి ఆడించినాయి, పచ్చనీళ్ళు కక్కినాయి, ఒళ్ళు కురచబడి పడిపోయినాయి. గూళ్ళు కట్టుకొనేందుకు తెచ్చిన చంద్రిక తట్టలు ఖాళీగా గోడకు ఆనించినట్టే ఉన్నాయి. గంపలకెత్తి గుంతలో పూడ్చినాను.

ప్రియ లేకున్నా చచ్చినాయి కదమ్మా అన్నాను అమ్మతో. "అది తొక్కిన గడప ఆడనే ఉంది కదరా" అన్నది.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోవద్దు. ఈ మధ్య చేతులు వణుకుతున్నాయి, కళ్ళు మసకలు కమ్ముతాయి, నోట్లో నీళ్ళు ఊరి వాంతి అవుతుంది. ఎండకు అనుకుంటాను. ఇక వెతకొద్దు ప్రియా. నీకు దండం పెడతాను.

యతీశ్

కృష్ణగిరి
29 జూలై 2005

ప్రియమైన బావకు,

దొరికింది.

నీ జాబు మేడంకు చదివి వినిపించినాను. "నువ్వు ముందే తెగులని తీర్మానం చేసుకొని వెతుకుతున్నావమ్మా. ఆ మాట తీసెయ్. మీ ఆయన కళ్ళతో చూసింది మాత్రం వేయి" అన్నారు. పట్టుపురుగు, వాంతి, తల ఆడించడం, కురచబడటం అని వేసి, చివర నాట్ తెగులు అని పెట్టినాను. పదకొండు వచ్చినాయి. పదకొండింటిలోనూ ఒకటే మాట, విషం. పంటలకు కొట్టే పురుగుమందు ఆకుకు ఇసుమంత అంటినా పట్టుపురుగు బతకదంట.

నీ పాత జాబు తీసి మళ్ళీ చదివినాను. గడపకు కాపలా పెట్టినారు, కాళ్ళకు పెట్టినారు, నాకు పెట్టినారు. ఆకు మూటను ఎవరూ చూడలేదు. పగలంతా మందులో తడిసిన తుండులోనే కదా బావా నువ్వు ఆకు కట్టింది. అది నేను కొనిచ్చిన తుండు.

అది కాదు నా భయం. పట్టుపురుగు అనే మాట తీసి మనిషి అని వేసినాను. చేతుల వణుకు, కళ్ళ మసక, నోట్లో నీళ్ళు. అన్నీ నీవే వచ్చినాయి. ఆ పేజీలు ప్రింటు తీసి ఇందులో పెట్టినాను. ఇవి తీసుకొని హోసూరు ఆసుపత్రికి పో. ఒక్కరోజు కూడా ఆ పనికి పోవద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ ప్రియ

కెలమంగలం
10 ఆగస్టు 2005

ప్రియకు,

నువ్వు నెలన్నర వెతికిన జవాబు నా దగ్గరే ఉండింది.

పనిలో చేరిన రోజే సూపర్‌వైజర్ తిలక్ అడిగినాడు, "ఇంట్లో పట్టుపురుగులు ఉండాయా యతీశప్పా? ఉంటే మందు కొట్టే పనికి వద్దు, పురుగులు దక్కవు" అని. బావి ఎండింది, వేరే కూలి లేదు. లేవని చెప్పినాను. స్నానం చేస్తే పోతుందిలే అనుకున్నాను. తుండు సంగతి నిజంగా తోచలేదు. కానీ మొదటి పంట పోయినప్పుడే ఇది నా పని వల్లనేమో అనిపించింది. అంతలో అమ్మ నిన్ను అన్నది. నా మెడమీది బరువు దిగినట్టయింది. తల వంచుకొని ఊరకున్నాను. నువ్వు బస్సెక్కినప్పుడు కూడా ఊరకున్నాను.

నీ చేతులు చంపలేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు. నోరు రావడం లేదు. పనికి పోతూనే ఉన్నాను.

యతీశ్

కృష్ణగిరి
17 ఆగస్టు 2005

ప్రియమైన నాగక్క అత్తకు,

నీ మేనకోడలు, కోడలు లక్ష్మీప్రియ రాసుకొనే జాబు. నీకు చదువు రాదు గనుక దీన్ని నీ కొడుకే చదివి వినిపించాలి. ఆయన గొంతుతోనే నువ్వు వినాలని నీకు రాస్తున్నాను.

అత్తా, మూడు పంటల పురుగులూ చచ్చింది నావల్ల కాదు. ఈ జాబు చదువుతున్న మనిషి పాలీహౌస్ నుంచి ఒంటిమీద తెచ్చిన మందువల్ల. ఆ సంగతి ఆయనకు మొదటి పంట పోయినప్పుడే తోచింది. నన్ను గడప దాటించినప్పుడు కూడా తెలుసు.

ఇప్పుడు నీ కొడుకు చేతులు చూడు. కాగితం వణుకుతోందా? అది సిగ్గువల్ల మాత్రమే కాదు. అదే మందు ఆయన ఒంట్లోకీ పోయింది. పొద్దున్నే హోసూరు ఆసుపత్రికి తీసుకొని పో. నేను ప్రింటు తీసి పంపిన కాగితాలు డాక్టరుకు ఇవ్వమను. ఆయన మీద కోపం నాకు చానా ఉంది, అది బతికి ఉండే మనిషి మీద పెట్టుకోవాలని ఉంది.

జవాబు రాయించు అత్తా. ఆయన ఇది చదవకుండా మడిచి పెట్టేస్తే నీకు ఏ సంగతీ తెలియదు, చదివినాడో లేదో నాకూ తెలియదు. ఈడ ఏ కంప్యూటర్లో వెతికినా అది దొరకదు.

ఇట్లు,
నీ కోడలు
లక్ష్మీప్రియ