ఎవలిన్ బాయిలరు మీద పసుపు

కొప్పిశెట్టి జగదీష్ భార్య బిందుమాధవి, వయసు ఇరవై ఆరు, నివాసం వాషింగ్టన్ రాష్ట్రం రెడ్‌మండ్, రాస్తున్న వీలునామా. ఏడో తరగతి వరకు చదివాను. నా బుద్ధి నిలకడగా ఉంది, జ్వరం లేదు, పక్కన కూర్చుని ఎవరూ రాయించడం లేదు. ఎల్లుండి శనివారం మా సరస్సులోని పాత చక్రాల స్టీమరు ఎవలిన్‌కి అరవై ఏళ్ల తర్వాత మొదటిసారి ఆవిరి ఎక్కిస్తారు. బాయిలరు దగ్గర మంట చూసే పని నాకూ నా భర్తకూ ఇచ్చారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. దీన్ని అమలు చేసే బాధ్యత నా స్నేహితురాలు రేణుది.

1. నా నాలుగు బంగారు గాజులు మండపేటలో ఉన్న మా చెల్లికి చెందాలి. అత్తగారు పెట్టిన హారం అత్తగారికే తిరిగి పంపాలి. ఇచ్చేటప్పుడే ఆవిడ దాన్ని మూడుసార్లు తూచారు.

2. మా నాన్న సుత్తి రేణుకి. ఆయన రైసు మిల్లులో బాయిలరు మంట చూసేవారు. బాయిలరు రేకులను కలిపి బిగించే ఇనుప మేకు, అంటే రివెట్టు, గట్టిగా ఉంటే సుత్తి దెబ్బకు గంటలా మోగుతుంది, వదులైనది చెక్కలా పలుకుతుంది. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు కనుక రెండేళ్లు జీతం లేకుండా ఎవలిన్‌కి తుప్పు గీకాను. "ఏంటి మేడమ్, స్టీమరుతో తప్ప మనుషులతో మాట్లాడరా?" అని రేణు ఏడిపించేది. అలా అడిగింది తనొక్కతే.

3. సాక్షులకు ఏమీ రాయకూడదట. కాబట్టి సాక్షిగా వస్తున్న సరోజ ఆంటీకి అనుకున్న పట్టుచీర ఇవాళ చేతికే ఇస్తాను. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో పదిమంది ముందు "ఈ పిల్ల ఉలకదు పలకదు" అన్నది ఆవిడే. నాకు జబ్బు చేస్తే తొమ్మిది రోజులు చారు తెచ్చిందీ ఆవిడే.

4. మిగిలినదంతా నా భర్తకు. పప్పుల డబ్బాల మీద పేర్లు రాసి పెట్టాను. మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. ఆమెను మాత్రం "నీకేం తెలుసులే" అనకూడదు. అయితే శనివారం ఆయన కూడా నా పక్కనే నిలబడతారు. అలాంటప్పుడు ఈ షరతు ఎవరికి రాస్తున్నట్టు?

5. ఇది ఆస్తి కాదు. ఇన్‌స్పెక్టర్ బాయిలరు చూసి వెళ్లిన మర్నాడు బరువులెత్తే చైన్ పుల్లీ గొలుసు నా చేతిలోంచి జారింది. ఇనుప కొక్కెం పొయ్యి తలుపుకు ఎడమ పక్క రేకును కొట్టింది. ఎవరూ చూడలేదు. తెల్లవారి బాయిలరుకి పూజ. సరోజ ఆంటీ పసుపు గిన్నె ఇచ్చి "నువ్వే రాయమ్మా" అన్నారు. దెబ్బ తగిలిన చోట మందంగా రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. పూజ పసుపు ఆవిరి ఎక్కేదాకా తుడవకూడదని అందరూ అనుకున్నారు. అమెరికన్ వాలంటీర్లు కూడా దాని చుట్టూతానే పాలిష్ చేశారు. నిన్న పసుపు మీదే సుత్తితో కొట్టి విన్నాను. మూడు రివెట్లు మోగలేదు. "ఆ రేకు ఒకసారి చూడండి" అని జగదీష్ గారితో అన్నాను. "ఇన్‌స్పెక్షన్ అయిపోయింది కదా, టెన్షన్ పడకు" అన్నారు. గొలుసు సంగతి నోట రాలేదు. శనివారం డెక్ మీద నలభై మంది ఉంటారు, పిల్లలతో సహా. నా తదనంతరం ఆ పసుపు కడిగి, రేకు మళ్లీ పరీక్ష చేయించే దాకా బాయిలరు వెలిగించరాదు.

6. పై షరతులో "నా తదనంతరం" అన్న మాటలు రద్దు చేస్తున్నాను. వీలునామా చదివేది మనిషి పోయాక. అప్పటికి కడగడానికి రేకు ఉండదు. ఇందులో ఏముందో సాక్షులు చదవనక్కరలేదని రేణు చెప్పింది. అయినా ఐదో షరతు వాళ్ల ముందు నేనే పైకి చదువుతాను.

7. చదివాను. సరోజ ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ భర్త, ఎవలిన్ మరమ్మతు మొత్తం నడిపే గోపీనాథ్ అంకుల్, కళ్లజోడు తీసి "ఎంత ఎత్తు నుంచి పడింది?" అని అడిగారు. చెప్పాను. "అయితే శనివారం క్యాన్సిల్. ముందు మీ ఆయనకి ఫోన్ చెయ్. నేను చెప్పను, నువ్వే చెప్పాలి" అన్నారు. చేశాను. గొలుసు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను.

గురువారం, జూన్ 12, 2025. రెడ్‌మండ్.

(సంతకం) కొప్పిశెట్టి బిందుమాధవి

సాక్షులు:
సరోజ
గోపీనాథ్