వంటింటి నుంచి షెడ్డు దాకా తీగ

హెడ్లీ,

కిటికీ కింద బకెట్లో ఉన్నది టీయే గానీ తాగకు. రేడియో కవర్లు పాతవాటిలా కనబడాలని కొత్త గుడ్డ అందులో నానబెట్టాను. సాయంత్రం తీసి నీడన ఆరెయ్యి. పోయినసారిలా ఎండలో వేశావంటే చారలు పడతాయి, కవర్లు కొనే యుద్ధంనాటి జీపులవాళ్లు వాటిని మన ముఖాన కొడతారు. ఓవెన్‌లో నీ భోజనం ఉంది, రబ్బరు మూసలు అందులో పెట్టకు.

నువ్వు చేసిన హెడ్‌సెట్లలో ఒక జత, ఆర్డరిచ్చిన నార్‌ఫోక్ ఆయనకి పంపలేదు. కోప్పడకు. పోయిన వేసవి పాత సైనిక వాహనాల ప్రదర్శనలో నువ్వు జీపులో, నేను మైదానం అవతల లారీలో ఉన్నప్పుడు, "విన్నీ, చలేస్తోందా? నా కోటు తెచ్చివ్వనా?" అని రేడియోలో అడిగావు. మన ముప్ఫై ఏళ్ల కాపురంలో ఇంట్లో ఒక్కసారీ అడగలేదు. అందుకే షెడ్డులో ఒకటి, వంటింట్లో ఒకటి పెట్టి మధ్య తీగ లాగాను. ఆదివారం అక్క దగ్గర్నుంచి రాగానే వంటింట్లోది చెవికి తగిలించుకుంటాను. ఏదైనా మాట్లాడు. టంకం ఎక్కడుందని మాత్రం అడగకు.

విన్నీ

మరిచాను. తీగ పనిచేస్తోందో లేదోనని షెడ్డులో మైకు మీట నొక్కి ఉండేలా తాడుతో కట్టి వచ్చి ఇక్కడ విన్నాను. నీ గోడగడియారం చప్పుడు వినిపించింది. అది వింటూ కూర్చుని అక్క ఊరెళ్లే ఎనిమిదింటి బస్సు అందుకోలేకపోయాను.