ఎత్తిన చెయ్యి

హెడ్మాస్టరు గారికి,

నమస్కారాలండి. నేను ఆరో తరగతి కెజియా వాళ్ల అమ్మను. సోమవారం నుంచి ఒంటిపూట బడులైనా, అన్నం పెట్టి నాలుగింటిదాకా పిల్లల్ని చదివిస్తానని మొన్న మీటింగులో మీరన్నారు. పూర్ణచంద్రరావు గారు లేచి, "ఈ ఎండల్లో పసిపిల్లలకి అంతసేపు బడేంటండీ? ఇళ్లకి పంపేయండి" అన్నారు. వద్దనేవాళ్లని చేతులెత్తమంటే అందరితోపాటు నేనూ ఎత్తాను. ఆయన నా వైపే చూస్తున్నారండి. మేం కాపలా ఉండేది ఆయన రొయ్యల చెరువు గట్టు మీదే.

ఆ చెయ్యి దించేశానని రాసుకోండి.

మధ్యాహ్నం బడి లేకపోతే పిల్లలంతా ఆ చెరువులో దిగి నాచు తియ్యాలి. పెద్దవాళ్లెవరూ దిగడం లేదు. నీళ్లు చిలికే ఏరియేటర్ల కరెంటు తీగ ఒకచోట తెగితే, ప్లాస్టిక్ కవరు చుట్టి నీళ్లలోనే వదిలేశారు. పోయిన వారం అందులోకి దిగిన గేదె దిగినట్టే పడి చచ్చిపోయింది. ఏమైందండీ అనడిగితే ఆయన వడదెబ్బ అన్నారు.

నా పిల్లనొక్కదాన్నే ఆపితే ఆయనకు అర్థమైపోతుంది. మీరు బడి ఉందంటే ఎవరూ ఏమీ అనలేరు. చదివాక ఈ ఉత్తరం చింపేయండి.

నిన్న ఆయన వచ్చి, కెజియాతో కలిపి సోమవారం నాచు తియ్యడానికి ఎంతమంది పిల్లలొస్తారని అడిగారు. పదకొండు మంది అన్నాను. వెళ్తూ వెళ్తూ, గట్టు మీద కట్టేసిన తన కుక్కను, వడదెబ్బ తగులుతుందంటూ విప్పి కారెక్కించుకుని తీసుకెళ్లిపోయారండి.