పద్మ పెంచిన ఈస్టు

నూజివీడు, 18-5-86, ఆదివారం

కోటయ్య మీద నా కసి ఇవాళ తీరింది. కాని దెబ్బ తిన్నది అతను కాదు, అతని కోడలు.

పద్మ నా దగ్గర కెమిస్ట్రీ చదివిన పిల్ల. మామిడి తొక్కల రసంలో ఈస్టు పెంచి నిమ్మఉప్పు తీస్తోంది. మంచి చెట్టు చూసి అంటు కట్టినట్టు, ఎక్కువ పులుపునిచ్చే ఈస్టునే ఏరుకుంటూ, దాని జాతినే మార్చుకుంటూ వచ్చింది. ఊరి బయట కుళ్ళి కంపుకొట్టే తొక్క ఆ పిల్ల చేతిలో సరుకవుతోంది.

పొద్దున కోటయ్య నన్ను మామిడికాయల గోడౌన్‌కి పిలిపించి, మూలనున్న పద్మ ఈస్టు సీసాలు చూపించాడు.

"ఈ పురుగులు నా కాయల మీదికి పాకవు కదండీ మాస్టారూ? మీరు సరేనంటే ఉంచుతా. లేదంటే ఇప్పుడే పారబోయిస్తా."

మూత పెట్టిన సీసాలోంచి ఏదీ పాకదని నాకు తెలుసు. కాని కార్బైడుతో కాయలు మగ్గబెట్టడం తప్పని నేనన్నప్పుడు, "పుస్తకాలు నమిలేవాడికి పండు రుచేం తెలుసు?" అని బజారంతా నవ్వించింది ఈ కోటయ్యే.

"నాకేం తెలుస్తుందండీ, పుస్తకాలు నమిలేవాణ్ణి" అన్నాను.

అతను వెంటనే సీసాల నిండా మరిగే నీళ్ళు పోయించాడు. ఏళ్ళ తరబడి ఏరిన జాతి నురగై కాలవలో కలిసింది. పద్మ మామగారి ఎదుట ఖాళీ సీసాలు సర్దిపెట్టింది. వీధి దాకా వచ్చి నన్నే ఓదార్చింది.

"బాధపడకండి మాస్టారూ. తెలియనిది తెలియదనే చెప్పాలని మీరే కదా మాకు నేర్పారు."

దెప్పడం కాదు, నిజంగానే నమ్మింది. నేను తల ఊపి వచ్చేశాను.